వైజాగ్ నుంచి గోదావరి లాకులు చూడ్డానికి పిల్లలు, పెద్దవాళ్లతో కారులో వెళ్దామనుకుంటున్నాం. ఎక్కడెక్కడ ఆగాలి?

వాల్తేరు_మేడమీద అడిగినది

అందరికీ నమస్కారం. మా పెద్దాడు ఏడో తరగతి. పనామా కాలువలో ఓడలు మెట్లెక్కినట్టు పైకి లేవడం ఫోన్లో చూసినప్పటినుంచి ఇంట్లో ఎవర్నీ కుదురుగా ఉండనివ్వడం లేదు. బాత్రూంలో రెండు ప్లాస్టిక్ డబ్బాలకి కన్నాలు పెట్టి, మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టి, సబ్బుపెట్టెని ఇటునుంచి అటు దాటిస్తున్నాడు. నేల తుడవలేక నా పని అయిపోతోంది.

"మన దగ్గర ఇలాంటివి లేవా?" అని వాడు అడిగితే మా మామగారు, "ఎందుకు లేవురా, గోదావరి జిల్లాల నిండా లాకులే" అన్నారు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. పేర్లన్నీ గడగడా చెప్తారు గానీ, ఆయన కూడా రైల్లో వెళ్తూ కిటికీలోంచి కాలువలు చూడ్డమే తప్ప ఎప్పుడూ దిగి చూడలేదట. ఆ తర్వాత వాడు ఇంకో ప్రశ్న వేశాడు: "ఏలేరు నుంచి స్టీల్ ప్లాంట్‌కి 153 కిలోమీటర్ల కాలువ వస్తుందని చెప్తావు కదా తాతా, మరి దానికి లాకులెందుకు లేవు?" మామగారు కళ్లజోడు తుడుచుకుని పేపర్ తీసుకున్నారు.

సరే, వేసవి సెలవుల్లో బయల్దేరదామని మా ఆయన అంటున్నారు. మొత్తం ఆరుగురం, ఏడు సీట్ల బండి. మా చిన్నది నాలుగో తరగతి, దానికి లాకులంటే ఏమీ పట్టదు, పూతరేకులంటే పడుతుంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు, మెట్లు అసలు వద్దు. దారిలో గుడి ఉంటే మాత్రం ఎంతదూరమైనా వస్తారు.

ధవళేశ్వరం, లొల్ల అని రెండు పేర్లు విన్నాను. ఇంకేమైనా ఉన్నాయా? పడవ లాకులోంచి దాటడం ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా? మే నెలలో వెళ్తే బాగుంటుందా? గట్ల మీద కారు నడపడం భయమా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. "నెట్‌లో చూసుకోండి" అని మాత్రం అనకండి, చూశాకే ఇక్కడికొచ్చాను. అంతా సెల్ఫీలే.

---

సీతమ్మధార_స్టీరింగ్

మా అత్తవారిది కొత్తపేట. కాబట్టి ఈ దారి నాకు అరచేతిలో గీత. ముందు మే గురించి: వద్దు. ఏప్రిల్‌లో దాళ్వా, అంటే రెండో పంట వరి, నీళ్లు అయిపోగానే కాలువలు కట్టేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా అడుగున బురద, గుర్రపుడెక్క, మరమ్మతు పనులు. పైగా ఆ ఎండలో మీ అత్తగారిని బ్యారేజీ మీద నిలబెడితే లాకుల సంగతేమోగానీ ఇంట్లో మాటలు ఆగిపోతాయి. దసరా సెలవులకి పెట్టుకోండి. కాలువ నిండుగా ఉంటుంది, అటూఇటూ చేలు పచ్చగా ఉంటాయి.

ఆగస్టులో కూడా సెలవులు దొరుకుతాయని టెంప్ట్ అవకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ రోజుల్లో అక్కడ అందరూ టెన్షన్‌లో ఉంటారు. మనం చూడ్డానికని వెళ్లి అడ్డం నిలబడకూడదు.

దారి చెప్తాను. పొద్దున్నే అయిదింటికి బయల్దేరితే అనకాపల్లి, తుని దాటి అన్నవరంలో టిఫిన్. కొండ మీదకి కారు వెళ్తుంది కాబట్టి అత్తగారికి మొదటి గుడి అక్కడే అయిపోతుంది, ఆకులో కట్టిచ్చిన ప్రసాదం పిల్లలకి కారులోకి. అక్కడినుంచి జగ్గంపేట, రాజానగరం మీదుగా హైవే వదలకుండా వెళ్లి, వేమగిరి దగ్గర ధవళేశ్వరం వైపు తిరగండి. రాజమండ్రి ఊళ్లోకి వెళ్లకండి, పనిలేదు. మొత్తం 190 కిలోమీటర్లకి అటూఇటూగా ఉంటుంది.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, లాకు చూసుకుని బ్యారేజీ మీంచే బొబ్బర్లంక వైపు దాటండి. ఆ రోడ్డు మీద వెళ్తూంటే ఎగువ నీళ్లు కుడివైపు ఉంటాయి, ఎడమవైపు ఇసుక తిన్నెలు. పెద్దాణ్ణి కుడి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. బొబ్బర్లంక నుంచి గట్టు పట్టుకుంటే లొల్ల, ఆత్రేయపురం. పూతరేకులు అక్కడ ఇళ్లలో వేసేవాళ్ల దగ్గరే కొనండి, బోర్లించిన కుండ మీద పిండి గుడ్డ ఇలా లాగితే అలా రేకు లేచిపోతుంది. మీ చిన్నమ్మాయికి ఇదే లాకు.

ఒక్కమాట గుర్తుపెట్టుకోండి: శనివారం ఆ వైపు వద్దేవద్దు. వాడపల్లి వెంకన్న దగ్గర ఏడు శనివారాలు మొక్కుకున్న జనంతో రోడ్లన్నీ బిగుసుకుపోతాయి. ఓసారి అందులో ఇరుక్కుని, కారులోంచి దిగడానికి కూడా సందు లేక, మా ఆవిడ తెచ్చిన పులిహోర కారులోనే ఖాళీ చేశాం.

---

బెజవాడ_బందరు_కాలువ

అంతదూరం వచ్చినవాళ్లు ఇంకాస్త ముందుకు రండి! ఏలూరులో గోదావరి నీళ్లు, కృష్ణా నీళ్లు కలిసే కాలువ, తర్వాత ప్రకాశం బ్యారేజీ, అటు దుగ్గిరాల లాకులు, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ... మద్రాసు దాకా పడవల దారే. ఒకే ట్రిప్పులో చుట్టేయొచ్చు.

---

తూర్పు_డెల్టా_పాతకాపు

అమ్మా, నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా తూర్పు డెల్టాలోనే ఉద్యోగమంతా చేసి, ఇప్పుడు మధురవాడలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ సముద్రం ఉంది గానీ కాలువ లేదు, అదే నాకు లోటు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ అబ్బాయి ప్రశ్నకి జవాబు. వాళ్ల తాతగారికి కూడా పనికొస్తుంది. ఏలేరు కాలువ పని నీళ్లు తేవడం ఒక్కటే. నీళ్లకి లాకు అక్కర్లేదు, పల్లం దొరికితే చాలు. గోదావరి కాలువలు అలా కాదు. అవి చేలకి నీళ్లూ పారించాలి, పడవలకి దారీ ఇవ్వాలి. డెల్టా నేల సముద్రం వైపు మెల్లగా దిగుతూ ఉంటుంది. కాలువని ఒకే వాలుగా తవ్వితే నీళ్లు జోరుగా లాగేస్తాయి, పడవని ఎదురు లాగడం కష్టం, గట్లూ కోసుకుపోతాయి. అందుకని కాలువని మెట్లుగా కట్టారు. మెట్టుకీ మెట్టుకీ మధ్య నీరు నెమ్మదిగా నడుస్తుంది. మెట్టు దగ్గర నీళ్లు దిగడానికి ఒక పక్క గేట్లు, పడవ దిగడానికి ఇంకో పక్క లాకు. ఎక్కడ లాకు చూసినా పక్కనే నీళ్ల గేట్లు ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా.

ఇక లాకు. రెండు రాతి గోడల మధ్య పడవ పట్టేంత తొట్టి. ఎగువన ఒక జత తలుపులు, దిగువన ఒక జత. మీవాడు అట్టముక్క అడ్డం పెట్టాడన్నారు చూడండి, అసలు తలుపు అలా ఉండదు. రెండు రెక్కలు మూసుకున్నప్పుడు తిన్నగా ఉండవు, ఎగువకి మొన తిరిగి కోణంగా ఆనుకుంటాయి. నీళ్లు నెట్టేకొద్దీ రెండు రెక్కలూ ఒకదాన్నొకటి ఇంకా బిగించుకుంటాయి. గొళ్లెం అక్కర్లేదు. తలుపుల అడుగున చిన్న కిటికీల్లాంటివి ఉంటాయి, పైనుంచి మర తిప్పి వాటిని ఎత్తుతారు. పడవ ఎగువ నుంచి వస్తే ముందు తొట్టి నింపాలి, రెండుపక్కలా నీళ్లు సమం కావాలి, అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. సమం కాకుండా పదిమంది తోసినా కదలదు, సమమయ్యాక ఇద్దరు చాలు. పడవ లోపలికొచ్చాక ఎగువ తలుపులు వేసి, దిగువ కిటికీలు ఎత్తితే నీళ్లతో పాటే పడవ దిగిపోతుంది. మీవాడి అట్టముక్కకి బదులు రెండు స్కేళ్లు కోణంగా పెట్టి చూడమనండి, కారడం తగ్గుతుంది.

ఇప్పుడు పడవ దాటడం చూడొచ్చా అన్నారు. ఆశ పెట్టుకోకండి. నా చిన్నప్పుడు ఇటుకల పడవలు, కొబ్బరికాయల పడవలు లాకు దగ్గర వరస కట్టేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు భుజానికి తాడేసుకుని వంగి లాగేవారు. నేను ఉద్యోగంలో చేరేసరికే అవి పలచబడ్డాయి. రైలు వచ్చాకే కాలువ మీద రాకపోకలు తగ్గడం మొదలైంది. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద రైళ్లు నడిచాయి, తర్వాత లారీలు మిగతా పని పూర్తిచేశాయి. ధవళేశ్వరం ఆనకట్ట, ఈ కాలువలు కట్టించిన కాటన్ దొర మాత్రం చివరిదాకా రైళ్లకన్నా పడవల కాలువలే ఈ దేశానికి చవకని వాదిస్తూనే ఉన్నారు. ఇంగ్లండులో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే మాట. ఆ వాదనలో ఆయన నెగ్గలేదు.

వైజాగ్ పిల్లలకి చెప్పాల్సిన సంగతి ఇంకోటి: ధవళేశ్వరం పనికి ముందు కాటన్ మన విశాఖలో ఉన్నారు. ఇక్కడ తీరాన్ని సముద్రం కోసేస్తుంటే రాళ్ల గట్లు వేయించారు, ఒక చర్చి కట్టించారు. ఇప్పుడు బీచ్ కోత గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

ధవళేశ్వరంలో ఎక్కడ నిలబడాలో చెప్తాను. అందరూ బ్యారేజీ మధ్యలో ఆగి ఫోటో దిగి వెళ్లిపోతారు. మీరు ఎడమ గట్టున, తూర్పు డెల్టా కాలువ మొదలయ్యే చోట ఆగండి. ఒక పక్క కాలువలోకి నీళ్లు వదిలే తూములు, రెండో పక్క హెడ్ లాకు. నదిలోంచి కాలువలోకి పడవ అడుగుపెట్టే గుమ్మం అది. గోడ అంచు రాళ్లని చేత్తో తడిమి చూడమనండి. కొన్నిచోట్ల వేలు పట్టేంత గాళ్లు ఉంటాయి, నున్నగా. ఉలితో చెక్కినవి కావు, తడితాడు ఏళ్లతరబడి రాసుకుని పడ్డవి. నేను కొత్తగా చేరినప్పుడు కాలువ గేట్లు చూసుకునే మా లస్కరు ఒకాయన నా వేలు పట్టుకుని అందులో పెట్టించాడు. మ్యూజియంలో బొమ్మలకన్నా అదే పాఠం.

అలాగని మ్యూజియం మానకండి. నమూనాలు, పాత ఫోటోలు, బయట అప్పటి యంత్రాలు పిల్లలకి బాగుంటాయి. పాత ఆనకట్ట 1847లో మొదలై 1852లో అయింది. ఆ చోటే ఎందుకు? నది అక్కడ లంకల మధ్య నాలుగు పాయలుగా విడిపోయి వెడల్పుగా, లోతు తక్కువగా పారుతుంది. రాయి కోసం పక్కనే ధవళేశ్వరం కొండ ఉంది. పని ఎందుకు అంత అవసరమైందో కూడా చెప్పండి: అంతకుముందు 1832–33 కరువు ఈ వైపు ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేసింది, 1839లో ఉప్పెన. పక్కనే గోదావరి నిండుగా పారుతుంటే జనం తిండిలేక పోయారు. ఇవాళ్టికీ గోదావరి స్నానం సంకల్పంలో కాటన్ పేరు చెప్పే పురోహితులున్నారు, ఊరికే కాదు. ఆయన పక్కన నిలబడి పనివాళ్లని నడిపించిన వీణం వీరన్న గారిని మాత్రం మనవాళ్లే మర్చిపోయారు. విగ్రహాలకి దండలు వేసేటప్పుడు ఆయన పేరు కూడా ఒకసారి తలిస్తే బాగుండును.

ఇప్పుడు మీరు దాటేది పాత ఆనకట్ట కాదు, 1970లో మొదలుపెట్టి 1982కి కట్టిన బ్యారేజీ. 175 గేట్లు: ధవళేశ్వరం పాయకి 70, ర్యాలికి 43, మద్దూరుకి 23, విజ్జేశ్వరానికి 39. చిన్నమ్మాయికి లెక్కపెట్టే పని అప్పగించండి, బొబ్బర్లంక దాకా నోరెత్తదు.

లొల్ల దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువ చీలి అమలాపురం వైపు, గన్నవరం వైపు వెళ్తుంది. కొబ్బరిచెట్లు, పాత కట్టడం, నీళ్ల హోరు. అందుకే సినిమావాళ్లు వదల్లేదు. చూడ్డానికి అదే అందమైనది, ఒప్పుకుంటాను. కానీ సెలవురోజు మధ్యాహ్నం అక్కడ లాకు కనపడదు, జనమే కనపడతారు. పొద్దున్న ఎనిమిదింటికల్లా వెళ్లండి.

నన్నడిగితే ఈ చుట్టుపక్కల అన్నిటికన్నా గొప్ప పని పి.గన్నవరంలో ఉంది. దాని గురించి పైన ఎవరూ రాయలేదు. అక్కడ కాలువ నదిని దాటుతుంది. కింద వైనతేయ పాయ పారుతుంటే, దాని మీద 40 అడుగుల చొప్పున 49 ఆర్చీలు కట్టి, ఆ పైన కాలువని నడిపించి నగరం దీవికి నీళ్లిచ్చారు. 1850లలో కట్టినది. మీవాడు సబ్బుపెట్టెని వదిలేసి ఇంక దీని వెంట పడతాడు, బాత్రూం సంగతి మీరు చూసుకోండి. పక్కనే కొత్త అక్విడక్ట్ ఉంది, 2000 నుంచి వాడుకలో ఉంది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలని వచ్చినవాళ్లకి వేళాపాళా చూడకుండా వండిపెట్టిన తల్లి ఆ దగ్గర్లోని లంకల గన్నవరంలోనే ఉండేవారు. ఆవిడ కథ అత్తగారికి నచ్చుతుంది. పాతది, కొత్తది రెండూ ఒకే చూపులో పడేలా గట్టు మీద నిలబడండి.

ఇక మే నెల. సీతమ్మధార గారితో నేను ఏకీభవించను. కాలువ నిండుగా ఉంటే లాకులో మీకు కనపడేది సగమే. కాలువలు కట్టేసినప్పుడే తలుపు పూర్తి ఎత్తు, అడుగున అది ఆనుకునే గడప, తొట్టి నేల, గోడ కింది వరస రాళ్లు బయటపడతాయి. మా ఉద్యోగమంతా ఆ కొద్ది వారాల్లోనే. నీళ్లు వదిలే తేదీ ముంచుకొస్తుంటే రాత్రిళ్లు పెట్రోమాక్స్ లైట్లు పెట్టి పనిచేసేవాళ్లం. పచ్చని చేలు ఎక్కడైనా చూస్తారు, తడారిన లాకు ఎవరు చూశారు? ఎండ మాటంటారా, ఏడుగంటలకి వెళ్లి పదింటికి నీడపట్టుకి చేరిపోవాలి. లోపలికి దిగడం మాత్రం వద్దు, బురద పైకి గట్టిగా కనపడుతుంది, మోకాళ్లదాకా దింపేస్తుంది.

బెజవాడ గారూ, మీ కాలువ గొప్పదే గానీ ఆరుగురితో అంతా ఒకే ట్రిప్పులో అంటే కారులో కూర్చున్నదే మిగులుతుంది. ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, పెదగంజాం నుంచి బకింగ్‌హామ్ కాలువ... అదంతా వేరే ప్రయాణంగా పెట్టుకోవాలి. బకింగ్‌హామ్ కాలువ 1806లో మద్రాసు దగ్గర మొదలైంది, 1876–78 కరువులో కూలిపని కల్పించడానికి దాన్ని పెంచారు, అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువల్ని కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు. ప్రకటన చదివి నేను సంబరపడ్డాను. సామర్లకోట దగ్గర కాలువలో ఇప్పటికీ గుర్రపుడెక్కే ప్రయాణం చేస్తోంది.

---

వాల్తేరు_మేడమీద

బాబాయి గారూ, మీ జవాబు మా మామగారికి చదివి వినిపించాను. "చూశావా, నేను చెప్పబోయిందీ అదే" అన్నారు. పెద్దాడు వెంటనే రెండు స్కేళ్లు పట్టుకుని బాత్రూంలోకి పరిగెత్తాడు, కారడం నిజంగానే తగ్గింది. ఇప్పుడు నా స్కేళ్లు కూడా పోయాయి.

మా ఆయనతో మాట్లాడి దసరాకే ఖాయం చేశాం. మీ మే నెల వాదన నాకు నచ్చింది గానీ అత్తయ్యగారి మొహం చూశాక వాదించలేకపోయాను. పెద్దాడు మాత్రం వచ్చే మేలో వాళ్ల నాన్నతో ఒక్కడే వెళ్తానని ఇప్పుడే బేరం పెట్టాడు.

రెండు సందేహాలు. రాత్రి ఎక్కడ ఆగాలి? తిరుగు ప్రయాణం వచ్చిన దారినే కాకుండా ఇంకో కాలువ పక్కనుంచి రావచ్చా? ఇంకోటి, గట్టు రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే ఎలాగో ఎవరూ చెప్పలేదు. మా ఆయన హైవే మీద పులి, సందుల్లో పిల్లి.

---

సీతమ్మధార_స్టీరింగ్

పాతకాపు గారితో వాదించే స్తోమత నాకు లేదు, కానీ దసరా అన్నారు కాబట్టి నేనే గెలిచాను.

రాత్రికి రావులపాలెంలో ఆగండి. హైవే మీదే ఉంటుంది, లొల్లకీ గన్నవరానికీ మధ్యలో పడుతుంది, అరటిపళ్లకి లోటుండదు. దగ్గర్లోనే ర్యాలి. అక్కడ జగన్మోహినీ కేశవస్వామి, ముందువైపు విష్ణుమూర్తి, వెనకవైపు మోహిని, ఒకే రాతిలో. అత్తగారు ఎక్కువ నడవక్కర్లేదు. మొదటిరోజు ధవళేశ్వరం చూసుకుని ర్యాలి, రాత్రి రావులపాలెం, మర్నాడు పొద్దున్నే లొల్ల, తర్వాత గన్నవరం. పిల్లలు అలిసిపోతే ఏదో ఒకటి వదిలేయండి. గన్నవరం మాత్రం వదలకండి, ఆయన చెప్పాక నేనూ ఒప్పుకుంటున్నాను. అత్తవారింటికి వెళ్లినప్పుడల్లా దాని మీంచే రాజోలు వైపు వెళ్తూ, కింద ఆర్చీలెన్నో ఏనాడూ లెక్కపెట్టలేదు.

గట్టు రోడ్ల మీద: లారీ కనపడగానే ముందు ఎక్కడ వెడల్పు ఉందో అక్కడే ఆగిపోవాలి, వాడు దాటాకే కదలాలి. కాలువ వైపు దిగి దారివ్వకండి, చేల వైపే ఇవ్వండి. వాన పడితే అంచు మట్టి చక్రం కింద జారుతుంది. చీకటి పడ్డాక గట్టు ఎక్కొద్దు, చాలాచోట్ల అడ్డుగోడలు లేవు. కోతల రోజుల్లో ధాన్యం కూడా రోడ్డు మీదే ఆరబోస్తారు గానీ దసరాకి ఆ బెడద ఉండదు.

---

తూర్పు_డెల్టా_పాతకాపు

తిరిగొచ్చేటప్పుడు హైవే వద్దు. జొన్నాడ దాటి కడియం వైపు వచ్చి, కాలువ రోడ్డు పట్టుకోండి: ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట. ధవళేశ్వరంలో చూసిన నీళ్లే మీ పక్కన నడుస్తూ ఉంటాయి. కడియంలో నర్సరీలు చూసి మొక్కలు కొనాలనిపిస్తుంది, ఏడో సీటు ఖాళీగా ఉందన్నారుగా. బిక్కవోలులో తూర్పు చాళుక్యుల కాలం నాటి గుళ్లున్నాయి, సామర్లకోటలో భీమేశ్వరుడు, పంచారామాల్లో ఒకటి. రెండోదానిలో పై అంతస్తుకి మెట్లున్నాయి, అత్తగారు కిందే దణ్ణం పెట్టుకోవచ్చు.

ఈ దారిలో మీవాడికి ఒక పని చెప్పండి. కాలువ పక్కన నీళ్ల హోరు ఎక్కడ వినపడితే అక్కడ మెట్టు ఉన్నట్టే. కారు ఆపి, ఒక పక్క నీళ్ల గేట్లు, ఇంకో పక్క లాకు తొట్టి ఉన్నాయో లేదో చూడమనండి. కొన్నిచోట్ల తలుపులు పోయి గోడలే మిగిలాయి, కొన్నిచోట్ల తొట్టికి అడ్డంగా కాంక్రీటు కట్టేశారు. పడవ లేనప్పుడు లాకు దేనికని. కనపడ్డవన్నీ కాగితం మీద గీసుకోమనండి. ఈ కాలువే సామర్లకోట మీదుగా కాకినాడ చేరుతుంది. 1861–65లో అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు, ఈ వైపు పత్తికి గిరాకీ వచ్చి కాకినాడ రేవు ఒక్కసారి పైకి లేచింది. ఆ బేళ్లకి దారి ఈ కాలువలే. ఓడలంటే ఇష్టమున్న పిల్లాడు కాబట్టి చెప్తున్నాను.

లాకు దగ్గర పిల్లల్ని గేట్ల వైపు వెళ్లనివ్వకండి. పైకి నెమ్మదిగా కనపడే నీరు తూము దగ్గర లాగేస్తుంది, ఈత వచ్చినా లాభం లేదు. లాకు తొట్టి వైపే నిలబడాలి, చెయ్యి పట్టుకునే ఉండాలి. అక్కడ లస్కరు ఎవరైనా కనపడితే "తలుపు మర ఎలా తిప్పుతారు" అని అడగండి. మామూలుగా ఎవరూ అడగరు కాబట్టి, అడిగితే టీ కూడా ఇప్పించి మరీ చెప్తారు. సామర్లకోట నుంచి పెద్దాపురం మీదుగా వచ్చి హైవే ఎక్కితే రాత్రి భోజనానికి వాల్తేరు చేరిపోతారు.